మీ పేజీని దిద్దే మనిషి ఎవరో అడిగారా?

ప్రశ్న: నమస్కారమండీ. నాకు 31 ఏళ్లు. గుంటూరు అరండల్‌పేటలో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో తొమ్మిదేళ్లుగా డీటీపీ ఆపరేటర్‌గా పనిచేస్తున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు, స్కూలు డైరీలు, అప్పుడప్పుడూ పుస్తకాలు చేస్తాను. పేజ్‌మేకర్, కోరల్‌డ్రా, ఫొటోషాప్, అను ఫాంట్లు కొట్టిన పిండి. జీతం 18,000. ప్రెస్‌లో పని తగ్గిపోతోందని ఏడాదిగా రాత్రిళ్లు కూర్చుని వెబ్ డిజైన్ నేర్చుకున్నాను. పేజీని కట్టే హెచ్‌టీఎంఎల్, దాని రూపురేఖలు దిద్దే సీఎస్‌ఎస్ బాగానే వచ్చు. డిజైన్ గీసే ఫిగ్మా, సైట్లు తయారుచేసే వర్డ్‌ప్రెస్ వచ్చు. జావాస్క్రిప్ట్ కొద్దిగా వచ్చు.

ఇప్పుడు మూడు చోట్ల రమ్మంటున్నారు. మొదటిది విజయవాడలో 14 మంది పనిచేసే డిజిటల్ మార్కెటింగ్ ఏజెన్సీ. చేతికి 14,000 ఇస్తామన్నారు, పీఎఫ్ లేదు. రెండోది మాదాపూర్‌లో ఒక కంపెనీ. ఏడాదికి 3 లక్షల 60 వేల ప్యాకేజీ, కానీ మొదటి ఆరు నెలలు శిక్షణ, ఆ కాలంలో నెలకు 8,000 మాత్రమే. 50,000 డిపాజిట్ కట్టాలి, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వాలి, రెండేళ్లలోపు మానేస్తే 2 లక్షలు చెల్లించేలా బాండ్ రాయాలి. మూడోది కొండాపూర్‌లో విదేశీ వ్యాపారులకు ఆన్‌లైన్ దుకాణాలు తయారుచేసి నిర్వహించే 40 మంది సంస్థ; నెలకు 22,000, అందులో బేసిక్ 11,000, మూడు నెలల ప్రొబేషన్, మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 11 వరకు పని. నాకు భార్య, నాలుగేళ్ల పాప, అమ్మ ఉన్నారు. హైదరాబాద్ వెళితే వాళ్లను ఇక్కడే ఉంచి నేను హాస్టల్‌లో ఉండాలి. నెలకు 7,500 అవుతుందన్నారు. ఇంట్లో అందరూ మాదాపూర్ ప్యాకేజీయే పెద్దదంటున్నారు. ఏది ఒప్పుకోమంటారు?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: జీతాలు, షరతులు, పనివేళలు అన్నీ పూసగుచ్చినట్టు రాశారు గానీ, నేను వెతికిన ఒక్క సంగతి మాత్రం మూడింటిలో దేని గురించీ మీ ఉత్తరంలో కనిపించలేదు. మీరు చేసిన పేజీని చూసి, ఇక్కడ తప్పుంది, ఇలా దిద్దు అని చెప్పగల అనుభవజ్ఞులు ఆ కార్యాలయంలో ఎవరున్నారు? వృత్తి మారేవారికి మొదటి రెండేళ్లలో జీతం కన్నా ఈ ప్రశ్నే పెద్దదని నేను గట్టిగా నమ్ముతాను. ఆ నమ్మకం నాకు ఊరికే కలగలేదు. నేను 2007లో ఒక పత్రిక పేజీల విభాగం వదిలి వెబ్ పనిలో చేరినప్పుడు, ఆ మొదటి ఉద్యోగంలో నా పనిని చూసేవారే లేరు. పేజీ తెర మీద సరిగా కనిపిస్తే చాలు, లోపల ఎలా కట్టానన్నది ఎవరికీ పట్టేది కాదు. బయట అందరూ సీఎస్‌ఎస్‌తో పేజీలు కడుతున్న ఆ రోజుల్లో నేను పేజీని గళ్లుగా విడగొట్టే పాత పద్ధతిలో టేబుల్ లోపల టేబుల్, దాని లోపల ఇంకో టేబుల్ పెట్టుకుంటూ పద్నాలుగు నెలలు గడిపాను. తర్వాతి ఇంటర్వ్యూలో ఒకాయన నా పేజీ కోడ్ తెరిచి, ఒక నిమిషం చూసి, “ఇది మీకు ఎవరూ చెప్పలేదా?” అని మెల్లగా అడిగారు. జీతం సరిగానే ఇచ్చిన ఆ ఉద్యోగం నా దగ్గర తీసుకున్నది ఆ పద్నాలుగు నెలలనీ, ఆ అలవాట్లు వదిలించుకోవడానికి పట్టిన మరో ఏడాదినీ.

ఇంట్లోవాళ్లు పెద్దదంటున్న ప్యాకేజీని ముందుగా విప్పి చూద్దాం. 3 లక్షల 60 వేలను పన్నెండుతో భాగించి నెలకు 30,000 అని అందరూ అనుకుంటారు. ప్యాకేజీ లేదా సీటీసీ అంటే మీ చేతికి వచ్చేది కాదు, మీ కోసం కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు. అందులో మీ బేసిక్ 15,000 అనుకోండి. కంపెనీ తన వాటాగా కట్టే 12 శాతం పీఎఫ్, అంటే 1,800, ఆ 30,000లోనే కలిపి ఉంటుంది. గ్రాట్యుటీ పేరుతో బేసిక్‌లో 4.81 శాతం, అంటే సుమారు 722, అది కూడా అందులోదే. శాశ్వత ఉద్యోగికి ఐదేళ్లు నిండితే గాని ఆ సొమ్ము రాదు. పనితీరును బట్టి ఏడాది చివర ఇస్తామనే వేరియబుల్ పే పదిశాతం ఉంటే నెలకు ఇంకో 3,000 తీసేయాలి. ఆరోగ్య బీమా ప్రీమియం కింద 500 వేసుకోండి. మిగిలేది 23,978. దానిలోంచి మీ వాటా పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోగా చేతికి వచ్చేది 21,978. వేరియబుల్, బీమా అంకెలు నా ఊహే. మీ ఆఫర్ లెటర్‌కు జతచేసే జీతం వివరాల కాగితం అడిగి తీసుకుని వాటి స్థానంలో అసలు అంకెలు వేసుకోండి. ఆ కాగితం చేరిన తర్వాత ఇస్తామంటే, చేరడం కూడా ఆ తర్వాతే అని చెప్పండి.

ఆ 21,978 కూడా ఏడో నెల నుంచి. శిక్షణలోని ఆరు నెలలకు 48,000, మిగతా ఆరు నెలలకు 1,31,868 కలిపితే మొదటి ఏడాది మొత్తం 1,79,868. మీరు ముందే కట్టవలసిన 50,000 అందులోంచి తీసేస్తే 1,30,000 లోపు. హాస్టల్‌కు ఏడాదికి 90,000 పోతే గుంటూరులో ఉన్న ముగ్గురికి మీరు పంపగలిగేది ఏడాది మొత్తానికి 40,000 కూడా ఉండదు. ఈ లెక్కను ఒక తెల్లకాగితం మీద వేసి మీ ఇంట్లోవాళ్లకు చూపించండి. ప్యాకేజీ పెద్దదని వాళ్లు అనడంలో తప్పులేదు. ఆ మాట అలా వినిపించేలాగే పెట్టారు.

లెక్క అటుంచి, డిపాజిట్ అడిగిన చోటికి నేనైతే వెళ్లనే వెళ్లను. నిజంగా మనిషి అవసరమైన సంస్థ ఆ మనిషి దగ్గరే డబ్బు పుచ్చుకోదు. మాదాపూర్ పరిసరాల్లో శిక్షణ, ఉద్యోగం అంటూ డిపాజిట్లు వసూలు చేసి, నమ్మకం కుదరడానికి రెండు మూడు నెలలు స్టైపెండ్ కూడా ఇచ్చి, ఒకరోజు తెల్లారేసరికి కార్యాలయానికి తాళం వేసి పోయిన సంస్థల గురించి మీరు పత్రికల్లో చదివే ఉంటారు. మీకు పిలుపు ఇచ్చిన సంస్థ అలాంటిదేనని నేను అనడం లేదు. అలాంటిది కాదని తెలుసుకునే దారి మీకు లేకుండా చేసే షరతు అది అంటున్నాను. ఒరిజినల్ సర్టిఫికెట్ల విషయమూ అంతే. చూపించండి, నకళ్లు ఇవ్వండి, అసలువి మాత్రం చేతిలోంచి వదలకండి. వాటిని అట్టిపెట్టుకునే హక్కు ఏ యాజమాన్యానికీ లేదు. అయినా అవి ఒకసారి వాళ్ల బీరువాలోకి వెళ్లాక హక్కు మీదే అయినా తిరగవలసింది మీరే.

బాండ్ గురించి చాలామందికి రెండు పొరపాటు అభిప్రాయాలున్నాయి. బాండ్ అసలు చెల్లనే చెల్లదని కొందరూ, సంతకం పెడితే 2 లక్షలు కట్టి తీరవలసిందేనని ఇంకొందరూ అంటారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 27వ సెక్షన్ ప్రకారం ఒక మనిషి వృత్తి చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందం చెల్లదు. అయితే ఉద్యోగంలో ఉన్న కాలానికి వర్తించే షరతు ఆ కోవలోకి రాదని కోర్టులు చెబుతూ వచ్చాయి. 2025 మే నెలలో విజయా బ్యాంకు కేసులో, మూడేళ్లలోపు మానేసిన అధికారి 2 లక్షలు చెల్లించాలన్న షరతును సుప్రీంకోర్టు సమర్థించింది. అది ప్రకటనలు, పరీక్షలు, ఇంటర్వ్యూలు జరిపి నియామకాలు చేసిన ప్రభుత్వరంగ బ్యాంకు. ఆ ఖర్చు, ఆ నష్టం కోర్టుకు సహేతుకంగా తోచాయి. అదే చట్టంలోని 74వ సెక్షన్ ప్రకారం కాగితం మీద ఎంత రాసుకున్నా, దానికి లోబడి సహేతుకమైన పరిహారం మాత్రమే రాబట్టుకోవచ్చు. మీకు నెలకు 8,000 ఇచ్చి, మీ దగ్గరే 50,000 తీసుకుని, మీ శిక్షణకు తమకు 2 లక్షలు ఖర్చయిందని వాదించడం ఎవరికైనా కష్టమే. అయినా కోర్టులో గెలవగలమన్న ధైర్యంతో సంతకం పెట్టడం తెలివైన పని కాదు. కోర్టు చుట్టూ తిరిగే ఓపిక, డబ్బు ఎవరికి ఎక్కువో మీకు తెలుసు.

విజయవాడ ఏజెన్సీ దగ్గరికి వస్తే, ఇంట్లోనే ఉండి రోజూ వెళ్లిరావచ్చన్నది చిన్న సుఖం కాదు. అక్కడ మీకున్న ప్రమాదం తక్కువ జీతం కన్నా మీ చేతిలో ఉన్న పాత విద్యే. కోరల్‌డ్రా, ఫొటోషాప్ ఇంత బాగా వచ్చిన మనిషి దొరికాక ఆ ఏజెన్సీ మీ చేత వెబ్‌సైట్లు చేయిస్తుందా, ఉగాది శుభాకాంక్షల పోస్టర్లు చేయిస్తుందా? మొదటి వారం, “మన క్లయింటుకు ఒక్క పోస్టర్ చేసి పెట్టండి, అర్జెంటు” అంటారు. మీరు పది నిమిషాల్లో చేసి ఇస్తారు. నెల తిరిగేసరికి నగల దుకాణం ఆఫర్లూ, రాజకీయ నాయకుల పుట్టినరోజులూ మీ బల్ల మీదే ఉంటాయి. ఇందులో వాళ్ల దురుద్దేశం కూడా ఉండదు. వచ్చిన పనిని వచ్చిన మనిషికి ఇస్తారు, అంతే. అలా రెండేళ్లు గడిస్తే మీరు 18,000 వదులుకుని 14,000కు అదే డీటీపీ చేసినట్టవుతుంది. కాబట్టి వాళ్లను ఒక సూటి ప్రశ్న అడగండి: ఈ స్థానంలో ఇప్పుడున్నవారు లేదా మొన్నటిదాకా ఉన్నవారు గత నెలలో చేసిన పనులేమిటో ఒక్కొక్కటిగా చెబుతారా? ఆ జాబితాలో సగం పోస్టర్లయితే మీకు జవాబు దొరికినట్టే. ఇంకొకటి, ఉద్యోగులు 20 మంది లేరు కాబట్టి పీఎఫ్ లేదనడం సరే గానీ, పదిమంది గానీ అంతకు మించి గానీ ఉన్న సంస్థలో 21,000 వరకు జీతగాళ్లకు ఈఎస్ఐ అనే వైద్య బీమా ఉండాలి. మీ జీతంలోంచి 0.75 శాతం, అంటే 105 రూపాయలు పోతుంది, వాళ్లు 3.25 శాతం కడతారు. భార్య, పాప, మీ మీద ఆధారపడిన అమ్మగారు ముగ్గురికీ వైద్యం అందే సదుపాయాన్ని అడగకుండా వదులుకోకండి.

ఏ సంస్థ అయినా సరే, వెళ్లి కూర్చునే ముందు వాళ్లు చేసిన సైట్లను మీ ఫోన్‌లో తెరిచి చూడండి. ఈ పరీక్షలో మీకున్న అనుకూలత చాలామంది కొత్తవాళ్లకు లేదు, ఎందుకంటే అక్షరం మీద మీ కన్ను తొమ్మిదేళ్లు సానబడింది. తెలుగులో ఉన్న సైటు అయితే బటన్ల మీద, శీర్షికల్లో ఒత్తులను చూడండి. ‘రాష్ట్రం’లో ట ఒత్తు కింద ర ఒత్తు, ‘లక్ష్మి’లో ష ఒత్తు కింద మ ఒత్తు ఉన్నాయా, లేక కత్తెర వేసినట్టు అడుగున తెగిపోయాయా? ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయేలా వరుసల ఎత్తు అక్షరం కొలతకు 1.2 రెట్లు పెట్టి, దానిలోనే తెలుగును కుక్కితే ఇలా జరుగుతుంది. తెలుగుకు నేనైతే 1.6కు తగ్గించను. చేసినవారు చదివి చూడలేదని, చూసి చెప్పేవారు ఆ సంస్థలో లేరని ఆ తెగిన ఒత్తు చెబుతుంది. ఇంగ్లీషు సైటు అయితే ఫోన్‌ను అడ్డంగా తిప్పండి, ఫారం నింపడానికి ప్రయత్నించండి, తప్పు ఫోన్ నంబరు వేసి అది ఏమంటుందో చూడండి. బొమ్మలు రావడానికి ఎంతసేపు పడుతోందో గమనించండి. కార్యాలయం గోడలకున్న రంగులు, రిసెప్షన్‌లో సోఫా చెప్పని సంగతులు ఇవి చెబుతాయి.

కాగితాల వైపు నుంచి కూడా చూడాలి. కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వెబ్‌సైటులో పేరు కొడితే సంస్థ ఎప్పుడు నమోదైందో, చిరునామా ఏమిటో, ఇంకా నడుస్తోందో లేదో తెలుస్తుంది. పీఎఫ్ సంస్థ వెబ్‌సైటులో ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్ అని ఉంటుంది. అందులో ఆ సంస్థ ఏ నెలలో ఎంతమందికి పీఎఫ్ కట్టిందో కనిపిస్తుంది. కొండాపూర్ వాళ్లు 40 మంది ఉన్నామన్నారు కదా, అక్కడ కూడా సుమారు అంతమందే కనిపిస్తున్నారేమో చూడండి. ఎనిమిది మందికే కడుతుంటే మిగతావారికి ఎందుకు లేదో అడగడం మీ హక్కు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక స్మృతుల ప్రకారం నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి. ‘మనది ఫ్యామిలీ లాంటి కంపెనీ, లెటర్లు అవీ ఎందుకు’ అన్న మాట వినిపిస్తే నవ్వి ఊరుకోకండి.

నా మొగ్గు కొండాపూర్ వైపే, కానీ షరతు మీద. చేతికి వచ్చేది చూద్దాం: 11,000 బేసిక్ మీద పీఎఫ్ 1,320, వృత్తి పన్ను 200 పోతే 20,480. హాస్టల్ పోగా 12,980 మిగులుతుంది. ఇప్పుడు ఇంట్లోకి వస్తున్న 18,000తో పోలిస్తే నెలకు 5,000 తగ్గుదల, అదీ మీ చేతి ఖర్చులు లెక్కలోకి తీసుకోకుండా. మీది సొంతిల్లో అద్దె ఇల్లో రాయలేదు. అద్దె ఇల్లయితే ఆరు నెలల లోటుకు సరిపడా డబ్బు, అంటే ఒక 40,000 అయినా పక్కన పెట్టుకున్నాకే బయల్దేరండి. కొండాపూర్‌కు మెట్రో లేదు కాబట్టి రాత్రి 11 గంటలకు పని ముగిశాక నడిచి చేరేంత దూరంలో హాస్టల్ చూసుకోండి. చౌకని ఎర్రగడ్డలోనో మియాపూర్‌లోనో దిగితే ఆ మిగులు ఆటోలకే పోతుంది.

ఇక షరతు. వాళ్లకు ఫోన్ చేసి, “నా పనిని ఎవరు సమీక్షిస్తారండీ? చేరే ముందు వారితో పదిహేను నిమిషాలు మాట్లాడవచ్చా?” అని మర్యాదగా అడగండి. ఆ మనిషి ఉంటే మాట్లాడిస్తారు. మాట్లాడినప్పుడు, కొత్తవారు రాసిన కోడ్‌ను సైటులోకి ఎక్కించే ముందు ఎలా చూస్తారు, కోడ్‌లో ఎవరు ఏం మార్చారో నమోదుచేసే గిట్ వాడతారా, గత వారం ఎవరికి ఏ తప్పు దిద్దారు అని అడగండి. చివరి ప్రశ్నకు ఆయన గానీ ఆవిడ గానీ తడుముకోకుండా ఒక ఉదాహరణ చెబితే, ఫలానా బటన్ చిన్న తెరల మీద పక్కకు జరిగిపోయింది, ఫలానా పేజీలో బొమ్మలకు వివరణ రాయలేదు అంటూ, ఆ చోటు మీకు మంచిది. “అందరం సపోర్ట్ చేస్తాం, మీరేం కంగారుపడకండి” అని హెచ్‌ఆర్ నుంచి మాత్రమే జవాబు వస్తే అక్కడ అలాంటి మనిషి లేరని అర్థం చేసుకోండి. దుకాణాల నిర్వహణ పని అంటే ధరలు మార్చడం, బొమ్మలు ఎక్కించడం మాత్రమేనా, కొత్త పేజీలు కూడా కట్టనిస్తారా అన్నది కూడా అదే సంభాషణలో తేల్చుకోవాలి. మొదటి మూడు నెలలు ధరలు మార్చడమే అన్నా ఫరవాలేదు, ఆ తర్వాత ఏమిటో చెప్పగలగాలి.

చేరేటట్టయితే మూడు విషయాలు రాతలో అడగండి. ప్రొబేషన్ తర్వాత జీతం ఎంత, నోటీసు గడువు ఎంత అన్నవి రెండు. గడువు 90 రోజులని ఉంటే 30కి తగ్గించమని అడిగి చూడండి. మూడోది చాలామంది మరిచిపోయేది: మీరు చేసిన పేజీలను తర్వాత మీ పోర్ట్‌ఫోలియోలో చూపించుకునే అనుమతి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, యజమానే తొలి హక్కుదారు. రెండేళ్ల తర్వాత చేతిలో చూపించడానికి ఏమీ లేకుండా మిగలకూడదు. సెలవు రోజుల్లో శుభలేఖల పని చేసి ఆ 5,000 లోటు పూడ్చుకుందామనుకుంటే, ఇంకో పని చేయరాదన్న నిబంధన నియామక పత్రంలో ఉందేమో ముందే చూసుకోండి.

కొండాపూర్‌లో ఆ మనిషి లేరని తేలితే? అప్పుడు మూడూ వదిలేసి ఇంకో ఆరు నెలలు ప్రెస్‌లోనే ఉండమని చెబుతాను. మీ దగ్గర డైరీలు వేయించుకునే స్కూళ్లలో ఒకదానికి తక్కువ డబ్బుకైనా నిజమైన సైటు ఒకటి చేసి ఇవ్వండి. అను ఫాంట్‌లో కొట్టిన వచనం ఆ ఫాంట్ లేని చోట పిచ్చి గుర్తులుగా మారిపోవడం మీకు రోజూ అనుభవమే. ఆ పాత వచనాన్ని అన్ని ఫోన్లూ, కంప్యూటర్లూ చదవగల యూనికోడ్‌లోకి మార్చి, తప్పులు ఏరి, మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు వంటి ఉచిత ఫాంట్లలో చక్కగా అమర్చి ఫోన్ తెర మీద నిలబెట్టగలవారికి తెలుగు పత్రికలు, ప్రచురణ సంస్థలు, బడుల దగ్గర పని ఉంది. పేజీ కొలత మారదన్న భరోసాతో తొమ్మిదేళ్లు పనిచేసిన మీకు, తెరను బట్టి సాగే పేజీ మొదట చికాకు కలిగిస్తుంది. ఆ చికాకు దాటినట్టు చూపించే ఒక సైటు చేతిలో ఉంటే తర్వాతి సంస్థతో మీరు మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది.

ప్రశ్న: నాకు 35 ఏళ్లు. పదకొండేళ్లు ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పి, ఇప్పుడు వెబ్ డిజైన్ కోర్సు పూర్తిచేశాను. ఒక సంస్థ ఇంటర్వ్యూలో భాగంగా ఒక ఆసుపత్రికి ఐదు పేజీల వెబ్‌సైటు నాలుగు రోజుల్లో చేసి, ఫైళ్లన్నీ పంపమన్నారు. డాక్టర్ల పేర్లు, ఫొటోలు, ఓపీ వేళలు కూడా ఇచ్చారు. నచ్చితే ఉద్యోగం అంటున్నారు. చేయనా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అలా చేసి పంపకండమ్మా. డాక్టర్ల ఫొటోలు, ఓపీ వేళలు ఇచ్చారంటే అది పరీక్ష కాదు, ఆ ఆసుపత్రి నుంచి వాళ్లు డబ్బు తీసుకున్న పని. పరీక్షంటే మూడు నాలుగు గంటల్లో అయ్యేది, లేని వ్యాపారానికి ఊహించి చేసేది, అందరు అభ్యర్థులకూ ఒకే ప్రశ్న ఇచ్చేది. మీరు పిల్లలకు ఎన్ని స్లిప్ టెస్టులు పెట్టి ఉంటారో. ఏ టెస్టులోనైనా మీ ఇంటి లెక్కలు చేయించుకున్నారా?

అయితే తలుపు మూసేయనక్కర్లేదు. “మొదటి పేజీ ఒక్కటి డిజైన్ చేసి చూపిస్తాను, బొమ్మగా పంపుతాను, కలిసినప్పుడు ఎందుకలా చేశానో వివరిస్తాను, మిగతావి కావాలంటే పనికి తగిన ఫీజు మాట్లాడుకుందాం” అని రాయండి. ఫిగ్మా ఫైలుకు లింకు గానీ, కోడ్ గానీ ఇవ్వకండి. మీరింకా వాళ్ల ఉద్యోగి కాదు కాబట్టి, రాతపూర్వకంగా బదిలీ చేయనంతవరకు ఆ డిజైన్ హక్కు మీదే. ఆ జవాబుకు వాళ్లు నొచ్చుకుని మాట్లాడటం మానేస్తే మీరు కోల్పోయిందేమీ లేదు. సరేనని పిలిచి, మీ పేజీ పక్కన కూర్చుని ప్రశ్నలు వేస్తే, పైన గుంటూరు పాఠకుడికి నేను వెతకమన్న మనిషి మీకు దొరికినట్టే.

ఒక సంగతి మీరు అడగలేదు గానీ చెప్పాలనిపిస్తోంది. లెక్కలు రానివాడికి అర్థమయ్యేలా చెప్పడం మీకు పదకొండేళ్ల అలవాటు. క్లయింటుకు సైటు ఎందుకు ఇలా ఉండాలో నచ్చజెప్పడం ఈ వృత్తిలో సగం పని. దాన్ని బయోడేటాలో ఎక్కడో అడుగున ‘గతంలో ఉపాధ్యాయురాలు’ అని ఒక్క ముక్కలో పెట్టకండి.

ప్రశ్న: పద్నాలుగేళ్లు మెడికల్ రిప్రజెంటేటివ్‌గా చేసి 38 ఏళ్లకు ఈ రంగంలోకి వస్తున్నాను. నేను అమీర్‌పేటలో కోర్సు చేసిన చోట 40,000 ఇస్తే రెండేళ్ల వెబ్ డిజైన్ అనుభవం ఉన్నట్టు సర్టిఫికెట్, జీతం స్లిప్పులు ఇప్పిస్తామంటున్నారు. అందరూ ఇలాగే చేరుతున్నారట. లేకపోతే ఈ వయసులో ఫ్రెషర్‌గా ఎవరు తీసుకుంటారని భయంగా ఉంది.
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీ భయం నాకు అర్థమైంది, అయినా ఆ 40,000 ఇవ్వకండి. మందుల కంపెనీలో మీకు పీఎఫ్ ఉంది కదా, దానికి, ఉద్యోగం మారినా మారని యూఏఎన్ అనే నంబరు ఒకటి ఉంటుంది. ఎక్కడ ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు పనిచేశారో ఆ ఖాతాలోని సర్వీస్ హిస్టరీలో ఉంటుంది. మీరు మందుల సంచీతో కాకినాడ, రాజమండ్రి తిరిగిన రెండేళ్లలోనే హైదరాబాద్‌లో వెబ్ డిజైనర్‌గా ఉన్నట్టు కాగితం చూపిస్తే, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేసేవారు ఆ రెండింటినీ పక్కపక్కన పెడతారు. అప్పటికి మీరు చేరి మూడు నెలలై ఉండవచ్చు, ఇల్లు మారి ఉండవచ్చు, పిల్లలను బడిలో వేసి ఉండవచ్చు. కొనుక్కున్న అనుభవం బయటపడని చోట కూడా ఇంకో కష్టం ఉంది: రెండేళ్ల అనుభవం ఉందనుకుని రెండేళ్ల పని ఇస్తారు, అది రాదని మీరు ఎవరినీ అడగలేరు. నేర్చుకోవలసిన కాలంలో నోరు మూసుకుని కూర్చోవలసి వస్తుంది.

పద్నాలుగేళ్లు డాక్టర్ల గది బయట నిలబడి, లోపల దొరికిన రెండు నిమిషాల్లో విషయం చెప్పి వచ్చిన మనిషి మీరు. ఆసుపత్రులు, డయాగ్నస్టిక్ సెంటర్లు, మందుల పంపిణీదారులకు సైట్లు చేసే చిన్న సంస్థలకు ఆ పరిచయం, ఆ భాష తెలిసిన డిజైనర్ అవసరం ఉంటుంది. వాళ్లను వెతికి, వయసు దాచకుండా, ఫ్రెషర్‌నని ఒప్పుకుంటూనే, మీకు తెలిసిన ఒక ఆసుపత్రి సైటులో రోగి అపాయింట్‌మెంట్ తీసుకోవడానికి ఎన్నిసార్లు నొక్కాలో లెక్కపెట్టి, దాన్ని తగ్గించి చూపించే నమూనా ఒకటి పట్టుకెళ్లండి. కన్సల్టెంట్‌గా తీసుకుంటామని ఎవరైనా అంటే మాత్రం జాగ్రత్త: జీతం బదులు ఫీజు ఇచ్చి పన్ను కింద ముందే పది శాతం టీడీఎస్ కోస్తారు, పీఎఫ్ ఉండదు, ఈఎస్ఐ ఉండదు, పనివేళలు మాత్రం ఉద్యోగివే ఉంటాయి. అలాగే చేరవలసి వస్తే ఉద్యోగికి ఇచ్చే జీతం కన్నా ఎక్కువ అడగాలి, ఇంటి నుంచి పనిచేసే వీలు అడగాలి, ఏడాదికల్లా ఉద్యోగిగా తీసుకుంటామన్న మాట నియామక పత్రంలో రాయించుకోవాలి. డబ్బు ఇప్పటికే ఆన్‌లైన్‌లో పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.